ఆదివారం సెలవు తీసుకునే జబ్బు

మేడ మీద, వంటగది
మంగళవారం

అక్కా,

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. అన్నయ్య పొద్దున్నే కింద కళ్ళజోళ్ళ షాపు తెరుస్తాడు. నేను మేడ మీద వంట చేసి, ఇల్లు సర్ది, మిగిలిన పొద్దంతా కిటికీలోంచి ఎదురు గోడ చూస్తుంటాను. ఏ లోటూ లేదు. బియ్యం దగ్గర్నుంచి తలనూనె దాకా ఏది కావాలన్నా నేను నోరు తెరవకముందే అన్నయ్య తెచ్చి పెడతాడు. ఈ ఉత్తరం కూడా తనే పోస్టు చేస్తాడు.

రాసేది మా సంగతి కాదు, దొర సంగతి. అన్నయ్య కుక్క నీకు గుర్తుంది కదా, గోధుమరంగుది, ఒక చెవి ఎప్పుడూ మడతపడి ఉంటుంది, ఎవరొచ్చినా సోఫా దిగకుండా కళ్ళతోనే పలకరిస్తుంది. ఆ దర్జా చూసే దొర అని పేరు పెట్టాడు. దొరగారికి కడుపు చెడి మూడు రోజులైంది. శనివారం చెత్తబుట్ట బోర్లించి కోడి తోలంతా తినేసింది. అప్పటినుంచి విరేచనాలు. మా దగ్గర పశువుల డాక్టరు గురువారాలే వస్తాడు. "డాక్టరెందుకు, పాతికేళ్ళు పశువుల ఆస్పత్రిలో కాంపౌండరీ చేసిన అక్కుండగా, దానికి రాయి" అన్నాడు అన్నయ్య.

నిన్న పెద్ద అభాసే అయింది. మెట్లు దిగితే నేరుగా షాపులోకే కదా, వీధిలోకి వేరే దారి లేదు. పదకొండు గంటలకు, షాపు నిండా జనం ఉన్నప్పుడు, దొర కడుపు పట్టలేక మెట్లు దిగి పరుగెత్తింది. అన్నయ్య ఎవరికో కళ్ళు చూస్తున్నాడు, రెండు చేతులూ ఖాళీ లేవు. "తీసుకెళ్ళు, తీసుకెళ్ళు, ఇక్కడ పాడుచేస్తుంది" అని అరిచాడు. నేను గొలుసు పట్టుకుని వీధిలోకి పరుగెత్తాను. ఎనిమిది నెలల తర్వాత వీధి చూశాను. అదేమంత విశేషం కాదులే. పని కాగానే వచ్చేశాను.

ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో వెంటనే రాయి.

నీ చిన్ని

•

పశువుల ఆస్పత్రి, మందుల గది
శుక్రవారం

చిన్నీ,

కోడి తోలు తిన్న కుక్కకి విరేచనాలు కాక వీణ వాయించడం వస్తుందా. కంగారు పడకు. నేను చెప్పినట్టు చెయ్యి, సొంత తెలివి వాడకు.

ఒక పూట, అంటే పన్నెండు గంటలు, తిండి పెట్టకు. నీళ్ళు మాత్రం ఎప్పుడూ దగ్గరుండాలి, కాచి చల్లార్చినవి, ఒకేసారి గిన్నెడు కాకుండా కొంచెం కొంచెంగా. ఆ తర్వాత మెత్తగా ఉడికించిన అన్నం, ఎముకా తోలూ లేని కోడిమాంసం ఉడకబెట్టి చిదిమి కలుపు. ఉప్పు, నూనె, మసాలా ఏవీ తగలకూడదు. గుప్పెడు చొప్పున రోజుకు నాలుగుసార్లు. ఉడికించిన గుమ్మడికాయ ఒక చెంచా కలిపితే మంచిది. రెండు రోజులు కుదురుగా ఉంటే మామూలు తిండి మెల్లగా కలుపుతూ రా. మనుషులకిచ్చే మాత్రలు ముట్టించకు. పాలు అసలే వద్దు. పెరిగిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు, తీరిపోయిన జబ్బుని కూడా తిరిగి పిలుచుకొస్తాయి.

పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కు. తెల్లబడ్డది రెండు లెక్కపెట్టేలోపు ఎర్రబడాలి. మెడ మీద తోలు పట్టి వదిలితే చటుక్కున సర్దుకోవాలి. అలా కాకపోయినా, రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, మనిషిని చూసి లేవకపోయినా నా ఉత్తరం కోసం చూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇంకో మాట. ఒక నోటుపుస్తకం పెట్టు. ఏ రోజు, ఎన్నింటికి, ఎన్నిసార్లు, ఏ రంగు, ఎంత పల్చన, అంతకుముందు ఏం తింది. ఇక్కడ ప్రతి జంతువుకీ నేనలాగే రాస్తాను. నోరులేనిదాని తరఫున మాట్లాడేది ఆ పుస్తకమే.

నువ్వు వీధిలోకి వెళ్ళాల్సి వచ్చిందని రాశావు. పని కాగానే వచ్చావు కదా, మంచిపని. వీలైతే తమ్ముణ్ణే తీసుకెళ్ళమను. నువ్వు నిమ్మళంగా ఉండు.

అక్క

•

వీధి చివర, బైండింగ్ షాపు, బల్ల మూల
గురువారం

అక్కా,

ఈ ఉత్తరం నేనే డబ్బాలో వేస్తున్నాను, కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

ముందు కుక్క. నువ్వు చెప్పినట్టే చేస్తే ఐదు రోజుల్లో కుదుటపడింది. వారం తిరక్కుండా మళ్ళీ మొదలైంది. వాంతులు లేవు, రక్తం లేదు, హుషారుగానే ఉంది, కానీ పగలు మూడు నాలుగుసార్లు బయటికి తిప్పాల్సి వస్తోంది. పొద్దున్నా, షాపు మూశాకా అన్నయ్య తిప్పుతాడు. మధ్యలో నేను. పుస్తకం రాస్తున్నాను.

ఇక నా సంగతి. ఏ లోటూ లేదని కిందటిసారి రాశాను కదా. అది అన్నయ్య పోస్టు చేసే ఉత్తరంలో రాసే మాట. అక్కా, మా ఆయన పోయిన నెలకి నేను రెండు రోజులు కనపడకుండా పోయి రైల్వే స్టేషన్ బెంచీ మీద దొరికాను. అప్పట్నుంచి మీ ఇద్దరికీ నేను గాజు సామాను. అన్నయ్య కొట్టడు, తిట్టడు, గట్టిగా మాట్లాడడు కూడా. షాపులో మెట్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, అంతే. నేను నాలుగో మెట్టు మీదికొస్తే తలెత్తి "ఎక్కడికి?" అంటాడు. దారం కావాలంటే దారం తెస్తాడు. గాలి కావాలంటే ఫ్యాను కొన్నాడు. ఫోన్ అతని మోచేతి దగ్గరే ఉంటుంది. ఎదురు గోడ మీద ఎన్ని ఇటుకలున్నాయో చెప్పమంటావా? రెండు వందల పద్నాలుగు, పగిలినవి కాక. కుడితిలో పడ్డ ఎలుకకైనా ఈదడమనే పనుంటుంది, నాకదీ లేదు.

దొర కడుపు చెడిన దగ్గర్నుంచి మాత్రం అన్నయ్య నన్ను ఎక్కడికని అడగట్లేదు. కుక్కని చూసి తనే తలుపు తీస్తున్నాడు. ఒక్కోసారి ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాల్లో వీధి చివర దాకా వెళ్తాను. అక్కడొక బైండింగ్ షాపుంది. బడి రిజిస్టర్లు, ఆఫీసు పుస్తకాలు, చిరిగిన పాత పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తారు. అది నడిపే ఆవిడని అందరూ బైండరమ్మ అంటారు. మొదటిరోజు గుమ్మంలో నిలబడి చూస్తుంటే, "చూడ్డానికి టిక్కెట్టు లేదు కానీ నిలబడితే వెలుగుకి అడ్డం. లోపలికొచ్చి చూడు" అంది. ఇప్పుడు దొరని బల్లకాలికి కట్టేసి, మడతపెట్టిన కాగితాల కట్టలు, వీళ్ళు ఫారాలంటారు, నాలుగైదు కుట్టి వస్తున్నాను. మొదట్లో నా కుట్టు చూసి, "ఇది పుస్తకమా, దిండా?" అంది. నిన్న ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే బాగున్నట్టట.

నీ ఉత్తరాలు అన్నయ్య విప్పడు, ఆ మర్యాద ఉంది. కానీ తెచ్చిచ్చి "అక్కేం రాసింది, చదువు" అని ఎదురుగా కూర్చుంటాడు. కాబట్టి నాకొక్కదానికే రాయాలంటే బైండింగ్ షాపుకి రాయి. చిరునామా వెనక రాశాను.

టైమయింది. దొర గొలుసు లాగుతోంది.

చిన్ని

•

పశువుల ఆస్పత్రి, మందుల గది
బుధవారం

చిన్నీ,

కుదుటపడిన కడుపు కారణం లేకుండా మళ్ళీ చెడదు. నులిపురుగుల మందు వేసి ఎన్నాళ్ళయింది? వేయకపోతే బరువు చూసి ఆ గురువారం డాక్టరునడిగి వేయించండి. నీ పుస్తకంలో పేజీలు చించి పంపు. నాకు మాటలు వద్దు, పేజీలు కావాలి.

బైండింగ్ షాపు సంగతి చదివాను. ఎవరావిడ? ఆవిడ ముందూ వెనకా నీకేం తెలుసు? తెలియని చోట కూర్చోవడం, ఊళ్ళో నలుగురి కళ్ళలో పడటం ఇప్పుడు నీకవసరమా? నీ మనసింకా పచ్చిగానే ఉంది. తమ్ముడు కాస్త అతి చేస్తున్నాడేమో, కాదనను. ఇంట్లోంచి కదలడు, పెళ్ళి మాటెత్తితే కళ్ళజోడు తుడుచుకుంటాడు. కానీ నీ మంచికే చేస్తున్నాడు. ఎండకి ఓర్చుకుంటేనే నీడ విలువ తెలుస్తుంది.

కుక్కని బయటికి తిప్పినప్పుడు ఇంటి ముందే తిప్పు. వీధి చివర దాకా వెళ్ళాల్సిన విరేచనం ఏదీ ఉండదు.

అక్క

•

బైండింగ్ షాపు
శనివారం

అక్కా,

నీ ఉత్తరం చదివి బైండరమ్మ ముందే నవ్వేశాను, ఆ చివరి ముక్కకి. తర్వాత ఏడుపొచ్చింది. ఆవిడ సూదికి దారం ఎక్కిస్తూ, "ఎవరో నీ మంచి కోరేవాళ్ళు రాసినట్టున్నారే" అంది. ఆవిడ ముందూ వెనకా నాకింతే తెలుసు.

మందు వేయించాం. ఏమీ మారలేదు. ఆరు వారాల పేజీలు పంపుతున్నాను. ఒక్క పూట కూడా దాటేయలేదు, నువ్వు నేర్పిన పని నేనెప్పుడూ తప్పుగా చేయలేదు. దొర కొంచెం చిక్కింది. పదహారు కిలోలుండేది, అన్నయ్య మొన్న ఎత్తుకుని కాటా ఎక్కితే పద్నాలుగున్నర తూగింది. అయినా తోక ఊపడం మానలేదు.

నా దగ్గరొక మంచి వార్త ఉంది. బైండరమ్మ దగ్గర కుట్టుపని చేసే ఆవిడ నెలాఖరుకి మానేస్తోంది. "ఒకటో తారీఖు నుంచి తొమ్మిదికి వచ్చి కూర్చో. నీ చేతికి తొందర లేదు, అదే కావాలి" అంది నాతో. అక్కా, నా చేతిలో ఏదో ఉందని ఒకరు అనడం ఎన్నేళ్ళ తర్వాతో. వస్తానని చెప్పాను. ఎలా వస్తానో చెప్పలేదు. ఆ రోజు దాకా ఇలా ఇరవై ఇరవై నిమిషాలు వచ్చి అట్ట వేయడం కూడా నేర్చుకోవాలి. దారానికి మైనం రాయడం వచ్చింది. జిగురు పూశాక బిగింపు చెక్కల మధ్య పెట్టి మర ఎంత తిప్పాలో ఇంకా చేతికి తెలియట్లేదు.

అన్నయ్యకి ఎలా చెప్పాలో తోచట్లేదు. నువ్వొక మాట చెబితే వింటాడేమో. నీ మాటంటే వాడికి వేదం.

చిన్ని

•

మా ఇల్లు
ఆదివారం

చిన్నీ,

నీ పేజీలు బల్ల మీద వరసగా పరిచాను. బాగా రాశావు. మరీ బాగా రాశావు, అదే నీ కొంప ముంచింది.

సోమవారం పదకొండున్నర, మూడు, ఐదు. మంగళవారం పదకొండు, రెండున్నర, ఐదు. బుధవారం మళ్ళీ అదే. అన్నీ షాపులో జనం ఉండే వేళలు, తమ్ముడు కుర్చీ వదలలేని వేళలు. ఇక ఆదివారం పేజీ ఆరు వారాలుగా ఖాళీ. ఆదివారం షాపుకి సెలవు, కుక్కని రోజంతా తమ్ముడే తిప్పుతాడు. పాతికేళ్ళలో ఆవుల్నీ మేకల్నీ కుక్కల్నీ ఎన్నిటినో చూశాను కానీ, ఆదివారం సెలవు తీసుకునే విరేచనాలు ఎక్కడా చూడలేదు.

చల్లకొచ్చి ముంత దాచకు. ఏం పోస్తున్నావు? పాలేనా? వద్దని నేను రాసిన ఒకే ఒక్క వస్తువుని పట్టుకున్నావన్నమాట.

కంచే చేను మేస్తే ఇంకేముంది? ఆ జంతువు నీ చేతిలోది కాబట్టి తింటోంది. ఇంకెవరు పెట్టినా వాసన చూసేది. కిలోన్నర పోయిన కుక్కకి తోక ఊపడం మానలేదని సంబరంగా రాశావు. దానికేం తెలుసు? ఈ ఉత్తరం అందిన రోజే ఆపు. నాకు కోపంగా ఉంది. ఇంతకంటే రాస్తే మాట మీరతాను.

అక్క

•

మేడ మీద, వంటగది
సోమవారం

అక్కా,

పాలే. రోజుకు రెండు కప్పులు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా పోయను, ఆదివారం అన్నయ్యకి ఇబ్బంది అని. చూడు, అందులో కూడా పద్ధతి పాటించాను.

మొదటిసారి బాగైన రోజున నేను మెట్లు దిగితే అన్నయ్య మళ్ళీ "ఎక్కడికి?" అన్నాడు. దొర వెనకాల కులాసాగా నిలబడి ఉంది. "పైకెళ్ళు, నేను సాయంత్రం తిప్పుతాగా" అన్నాడు. వచ్చి స్టవ్ ముందు నిలబడ్డాను. గిన్నెలో పాలున్నాయి. నీ ఉత్తరం పక్కనే ఉంది. అంతకన్నా చెప్పడానికేం లేదు. దొర తాగి నా చెయ్యి నాకింది.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఆ రోజు నుంచి ఆపాను. కానీ ఆలస్యమైంది. శనివారం మధ్యాహ్నం దొర సోఫా దిగలేదు. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తిప్పింది, తల ఎత్తలేదు. చిగురు నొక్కితే తెల్లగానే ఉండిపోయింది. కింద గుడ్డలో రక్తం చార. నేను కేక పెడితే అన్నయ్య మెట్లెక్కి వచ్చాడు. పశువుల పెద్దాస్పత్రికి తీసుకెళ్ళడానికి దాన్ని దుప్పట్లో చుట్టి ఎత్తుకుని దిగాడు. నేనూ చెప్పులు వేసుకుని వెనకే దిగుతున్నాను. కిందికి వచ్చేసరికి షట్టరు దిగిన చప్పుడు, తాళం తిరిగిన చప్పుడు. కావాలని కాదు. అలవాటు. పరుగులో కూడా చెయ్యి తన పని తను చేసుకుపోయింది.

ఐదు గంటలు అక్కా. షాపు చీకట్లో, ఆ కళ్ళజోళ్ళ మధ్య, షట్టరుకి వీపు ఆనించి కూర్చున్నాను. అది బతికుందో లేదో చెప్పేవాళ్ళు లేరు. పక్కింటివాళ్ళని పిలుద్దామనుకున్నాను. పిలిచినా ఏమని చెప్తాను? అన్నయ్య నన్ను పెట్టి తాళం వేశాడని చెప్పనా, నేనో మూగజీవికి ఏం చేశానో చెప్పనా? నాకు కావలసిన తలుపు కోసం దాని పేగులు ఖర్చు పెట్టాను. అన్నయ్యకి నేనెంత ఇష్టమో నాకు దొర అంత ఇష్టం. అన్నయ్య ఇష్టం నన్నేం చేసిందో తెలిసీ దొరని అదే చేశాను.

సాయంత్రం అన్నయ్య దొరతో తిరిగొచ్చాడు. ఆస్పత్రిలో సెలైను ఎక్కించారట, సూదులు వేశారట. ప్రాణానికి భయం లేదన్నారు. అన్నయ్య దాన్ని పడుకోబెట్టి మెట్ల మీద కూలబడ్డాడు. "పాలు పోస్తున్నారా అని అడిగాడు డాక్టరు. లేదండీ, పాలు మా చెల్లెలు తాగుతుంది అని చెప్పా" అన్నాడు.

తను నాకేసి చూడకుండానే, "రెండు నెలల నుంచి పాలు త్వరగా అయిపోతుంటే నీకు తిండి సహిస్తోందనుకున్నా. కోలుకుంటున్నావని ఇంకో ప్యాకెట్టు ఎక్కువ తెచ్చేవాణ్ణి" అన్నాడు.

అప్పుడు చెప్పేశాను, అంతా. బైండింగ్ షాపు, ఇరవై నిమిషాలు, ఒకటో తారీఖు, అన్నీ. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ముందే అడగొచ్చుగా" అన్నాడు.

"అడిగితే పంపేవాడివా?"

ఆలోచించాడు. అబద్ధం చెప్పడం రాదు కదా వాడికి. "పంపేవాణ్ణి కాదు" అన్నాడు.

"ఎందుకు?"

"అది నన్నడక్కు."

మరి ఎవర్నడగాలి?

చిన్ని

•

మా ఇల్లు
గురువారం

చిన్నీ,

నన్నడుగు.

రాయడానికి మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచాను. ఎదుటివాళ్ళకి మందు రాసివ్వడం పాతికేళ్ళ అలవాటు, నా తప్పు రాయడం కొత్త.

నువ్వు స్టేషన్లో దొరికిన రోజు, నిన్ను తమ్ముడి దగ్గర దింపి నేను బయల్దేరేటప్పుడు, వాణ్ణి షాపు బయటికి పిలిచాను. "అది రైలు కింద పడటానికే వెళ్ళింది. ఇంకోసారి వెళ్తే నేను నిన్ను క్షమించను. నేను చెప్పేదాకా దాన్ని ఒంటరిగా గుమ్మం దాటనివ్వకు" అన్నాను. వాడి చెయ్యి నా తల మీద పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. వాడు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. మర్నాడే కుర్చీ మెట్ల పక్కకి మార్చుకున్నాడు.

నేను చెప్పేదాకా అన్నాను. చెప్పడం మర్చిపోలేదు చిన్నీ, వాయిదా వేశాను. ఇంట్లో భద్రంగా ఉందిలే అనుకుంటే నాకు నిద్ర పట్టేది. నువ్వు వీధి చూశానని రాసినప్పుడు నాకు భయమేసింది. బైండరమ్మ మీద అంతెత్తున లేచింది కూడా ఆ భయంతోనే. వాడు అతి చేస్తున్నాడని రాశానే, అదెంత తప్పుడు మాట. చేయించింది నేను. వాడు పెళ్ళి లేకుండా, ఒక పూట ఊరు దాటకుండా ఆ కుర్చీకి అంటుకుపోయాడు. నిన్నూ వాణ్ణీ ఒకే తాళంతో మూసి తాళంచెవి నా కొంగున ముడేసుకున్నాను. కుక్కని పాడుచేశావని నిన్ను తిట్టే మొహం నాకు లేదు.

ఈ ఉత్తరంలోనే తమ్ముడికి ఒక చీటీ పెట్టాను. ఒట్టు తీసేస్తున్నాననీ, నిన్ను పనికి పంపమనీ రాశాను. వాడికివ్వు. ఆ చీటీ చూస్తే మారు మాట్లాడడు.

దొరకి ఇంకో పది రోజులు ఉడికించిన అన్నమూ మాంసమూ తప్ప ఏదీ వద్దు.

అక్క

•

బైండింగ్ షాపు
ఒకటో తారీఖు

అక్కా,

దొర బాగుంది. నాలుగు రోజులుగా పుస్తకంలో రాయడానికేం లేదు. గట్టిగా, వేళకి, రోజుకు రెండుసార్లు. పదిహేను కిలోల మీదికొచ్చింది. ఇప్పుడు పాలగిన్నె చప్పుడైతే తల ఎత్తి నావైపు చూస్తుంది. ఆశగానే చూస్తుంది, అనుమానంగా కాదు. అనుమానంగా చూసినా బాగుండేదని నాకనిపిస్తుంది.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులో పోట్లాడాను. రైలు కింద పడటానికే వెళ్ళిందని నువ్వన్నావు. నువ్వే అనుకున్నావు, నువ్వే ఒట్టు వేయించుకున్నావు. నన్ను మాత్రం మీ ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నేను చావడానికి వెళ్ళలేదక్కా. ఆయన పోయాక ఆ ఇంట్లో ఉండలేక, ఏదో ఒక రైలెక్కి ఎక్కడైనా పని చూసుకుందామని వెళ్ళాను. టిక్కెట్టు కిటికీలో మనిషి ఎక్కడికి అని అడిగాడు. నాకు చెప్పడానికి ఊరి పేరు రాలేదు. ఏదైనా గుర్తొస్తుందేమోనని బెంచీ మీద కూర్చున్నాను. రెండు రోజులు రాలేదు. అంతే జరిగింది. ఒక్కసారి అడిగుంటే చెప్పేదాన్ని.

నీ మీద కోపం ఉంది, ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది. ఉత్తరాలు మాత్రం ఆపకు.

చీటీ అన్నయ్యకి ఇవ్వలేదు. నీ సెలవు మీద నేను బయటికొస్తే, కాపలా అన్నయ్య చేతిలోంచి నీ చేతిలోకి మారినట్టే కదా. రేపెప్పుడో నీకు మళ్ళీ భయమేస్తే ఇంకో చీటీ వస్తుంది. మడిచి నీకే పంపుతున్నాను. నువ్వే ఎప్పుడైనా వచ్చి, వాడి ఎదురుగా నిలబడి నీ నోటితో చెప్పు. నా కోసం కాదు, వాడి కోసం.

ఈ పొద్దున తొమ్మిదికి పది నిమిషాలుండగా చెప్పులు వేసుకున్నాను. దొర గొలుసు నోట కరుచుకొచ్చింది. దాని నోట్లోంచి తీసి మేకుకి తగిలించి, "నీకేం పన్లేదు, పడుకో" అన్నాను. మెట్లు దిగాను. షాపులో ఒక పెద్దావిడ కూర్చునుంది. అన్నయ్య ఆవిడ కళ్ళకి పరీక్ష ఫ్రేము పెట్టి అద్దాలు మారుస్తున్నాడు. నాలుగో మెట్టు దగ్గర తలెత్తాడు.

"కుక్కేది?"

"పైన పడుకుంది. దానికి బాగానే ఉంది."

"మరి ఎక్కడికి?"

"పనికి."

చేతిలో అద్దం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "అక్కనడిగావా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"అడగలేదు. నిన్నూ అడగట్లేదు అన్నయ్యా, చెప్తున్నా."

వాడి మొహం చూడలేకపోయాను. ఏడాదిగా ఒట్టుని మోస్తున్న మొహం అది. ఆ పెద్దావిడ మా ఇద్దరినీ ఆ పెద్ద పెద్ద అద్దాల్లోంచి మార్చి మార్చి చూసి, "ఇదా బాబూ, ముందుదా? నాకు రెంట్లోనూ మీరే కనపడుతున్నారు" అంది. అన్నయ్యకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, కుర్చీని కాలితో కొంచెం పక్కకి జరిపాడు. ఒక మనిషి పట్టేంత.

"సాయంత్రం ఎన్నింటికొస్తావ్?"

"పనయ్యాక."

అనేసి వీధిలోకి వచ్చాను. చేతిలో గొలుసు లేకపోయేసరికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వీధి చివర దాకా నడుము మీద పెట్టుకుని, ఎవరితోనో తగువుకి వెళ్తున్నదానిలా నడిచాను.

బైండరమ్మ నా ముందు ఒక కట్ట ఫారాలు పెట్టింది. కుట్టడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలైందో లేదో, సూది గుచ్చి పెట్టి, చీర దులుపుకుని లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు.

"ఎక్కడికి?" అంది బైండరమ్మ, తలెత్తకుండానే.

ఎక్కడికీ లేదని చెప్పి మళ్ళీ కూర్చున్నాను.

చిన్ని